తువ్వాలు మనిషి లేకుండా అరకు

మేజిక్ చేసి బతుకుతానని చెబితే రైల్లో ఎదురు సీటువాళ్ళు ముందు నవ్వుతారు. తరవాత, "బావుందండీ, ఇంతకీ ఉద్యోగం ఏం చేస్తారు?" అని అడుగుతారు. ఇదేనండీ బాబూ ఉద్యోగం. బొబ్బిలి చుట్టుపక్కల బళ్ళల్లో, బారసాలల్లో, పెళ్ళిళ్ళలో "ప్రొఫెసర్ మాయల సూరి" అని బేనరు కట్టుకుని ముప్ఫై ఏళ్ళుగా నెట్టుకొస్తున్నాను. ప్రొఫెసర్ అన్నది నాకు నేనే ఇచ్చుకున్నాను. ఎక్కడ చదివారని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

ప్రతి చలికాలం అరకు కొండలెక్కి సంతల్లో, హాస్టళ్ళలో ఆటలాడి దిగడం నాకు అలవాటు. ఈసారి ఒక్కణ్ణే వెళ్ళొచ్చాను. నన్నెరిగినవాళ్ళు, "ఎప్పుడూ ఒక్కడివేగా వెళ్తావు?" అంటారు. కాదు. మేం ఇద్దరం. రెండోవాడు సింహాద్రి. రాజాంలో టైలరు. వాడి గురించి ఎవరికీ తెలియకపోవడమే వాడి పని.

జనంలో మామూలు మనిషిలా, భుజాన తువ్వాలుతో, వెనకెక్కడో కూర్చునేవాడు సింహాద్రి. నేను ముందు వరసలో ఒకావిడ ఉంగరం అడిగి తీసుకుని, అందరూ చూస్తుండగా మాయం చేసేవాణ్ణి. వెతికేవాణ్ణి, కంగారుపడేవాణ్ణి, ఆవిడ ఏడుపు మొహం పెట్టేదాకా లాగేవాణ్ణి. అప్పుడు, "ఆ వెనక తువ్వాలు పెద్దమనిషీ, ఓసారి లేవండి" అనేవాణ్ణి. వాడు విసుక్కుంటూ లేచేవాడు. తువ్వాలు కొసన ముడి, ముడిలో ఉంగరం! ఉంగరం అక్కడిదాకా ఎలా నడిచేదో చెప్పను. ఇంకా కొందరు మిత్రులు ఆ ఐటం మీద బతుకుతున్నారు.

ఈ పనికి ఒకటే నియమం. ఆట ఉన్న ఊళ్ళో మేమిద్దరం ఒకరికొకరం తెలియదు. ఒకే రైల్లో వేరు పెట్టెలు, ఒకే హోటల్లో వేరు బల్లలు. ఒకడికి జ్వరమొస్తే రెండోవాడు దూరంనుంచి చూడాల్సిందే. అలా ఏళ్ళ తరబడి కలిసి తిరిగాం, పరాయివాళ్ళలాగా.

పోయిన వానాకాలం సింహాద్రి పోయాడు. కొండమీద నన్ను పలకరించేవాళ్ళు చాలామందే ఉన్నారు గానీ, పరామర్శించేవాళ్ళు ఒక్కరూ ఉండరని బయల్దేరేటప్పుడే తెలుసు. నాకో తోడున్నాడని తెలిస్తే కదా, ఇప్పుడు లేడని తెలిసేది!

కొత్తవలస నుంచి పైకి

కిరండోల్ రైలు కొత్తవలసలో ఎక్కాను. ఇప్పుడు దానికి అద్దాల పెట్టె ఒకటి తగిలించారు, అందులో టిక్కెట్టు నాలాంటివాడికి అందదు. శృంగవరపుకోట దాటాక కొండలు మొదలవుతాయి. జాంపండు నాలుగు చీలికలు చేసి, ఉప్పూ కారం రాసి ఇరవై రూపాయలకిచ్చింది ఒకమ్మాయి. అలవాటు కొద్దీ సగం దాచాను. దిగాక, మలుపులో ఎవరూ చూడనిచోట సింహాద్రికిచ్చేవాణ్ణి. ఆ సగం ఎండిపోయి సంచిలోనే ఉంది, ఇంటికొచ్చాక మా ఆవిడ తీసి పారేసింది.

ఈ దారిలో సొరంగాలు ఎక్కువ. సొరంగం రాగానే పెట్టెలన్నీ చీకటై, టూరిస్టు పిల్లలూ పెద్దలూ కలిసి కేకలు పెడతారు. వెళ్ళనివాళ్ళకి చెబుతున్నాను, అదొక పండగ. మాకు మాత్రం ఇంకో సదుపాయం ఉండేది. ఆ గోలలో ఎవడరిచాడో ఎవడికీ తెలియదు కదా. అందుకని సొరంగం రాగానే పక్క పెట్టెలోంచి సింహాద్రి గొంతు చించుకునేవాడు.

"ఓరి సూరీ! ఉన్నావేటిరా!"

కొండమీద గడిపే వారం పది రోజుల్లో వాడు నన్ను పేరు పెట్టి పిలిచేది అక్కడొక్కచోటే. నేను బదులు పలికేవాణ్ణి కాదు. నా పెట్టెలో నా పక్కవాళ్ళకి నా గొంతు తెలుస్తుంది, సొరంగం దాటాక అడుగుతారు. జాగ్రత్తపరుణ్ణి మరి. ప్రతి సొరంగంలో పిలిచి, "ఒక్కపాలి పలికితే ఏటి పోయిందిరా నీకు?" అని దిగాక తిట్టేవాడు.

ఈసారి అన్ని సొరంగాల్లోనూ కేకలు వినిపించాయి. నా పేరు మాత్రం ఎవరూ పిలవలేదు. నాకు ఏడుపొచ్చింది. చీకట్లో ఉన్నాను కాబట్టి ఇబ్బంది లేకపోయింది.

అరకు: మేనేజరుగారి కోరిక

అరకులో ఒక రిసార్టు కబురు చేసింది. శివరాత్రి దాకా, వారంలో నాలుగు రోజులు, రాత్రి భోజనాల తరవాత ఆట. గది, తిండి వాళ్ళవే. నా వయసులో ఒళ్ళు దాచుకుని డబ్బు సంపాదించే అవకాశం మళ్ళీ రాదు. ఫోను పట్టుకోకుండా ఒక గంట నిజం మనిషిని చూసేవాళ్ళు తగ్గిపోయారు. బళ్ళవాళ్ళు కూడా ఈ మధ్య, "వీడియో ఏదైనా పంపండి సార్, పిల్లలకి తెరమీద వేస్తాం" అంటున్నారు.

మేనేజరు మర్యాదస్తుడే. కాఫీ ఇచ్చాడు, అక్కడి గింజలదే, మన ఇంటి కాఫీలా పాలలో మునిగిపోకుండా ఘాటుగా ఉంది. "మీ ఉంగరం ఐటం కాలేజీలో ఉండగా చూశాను సార్. ఇప్పటికీ అంతుపట్టలేదు. అదుంటేనే కాంట్రాక్టు. మిగతావి మా గెస్టులు ఫోన్లో చూసేశారు" అన్నాడు.

"ఉంటుంది" అన్నాను. నోరు అలా అనేసింది.

ఇక జనంలో కూర్చోడానికి మనిషి కావాలి. స్టేషను నుంచి నన్ను తీసుకొచ్చిన ఆటో గోవిందు దొరికాడు. నలభై దాటిన మనిషి, విజయనగరం వైపునుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడ్డాడు. విషయం చెబితే కళ్ళు పెద్దవి చేశాడు.

"ఏటి సార్, ఇన్నాళ్ళూ మీరు సేసింది ఇదేటి? నాను సిన్నప్పుడు సూసి, దేవుడి మహిమ అనుకున్నాను."

"ఇప్పుడు ఆ దేవుడివి నువ్వే. కూర్చో, నేర్పుతాను."

తువ్వాలు ముడి వెయ్యడం, విసుక్కుంటూ లేవడం, నాకేసి అసలు చూడకపోవడం, అన్నీ బేగి పట్టేశాడు. మంచివాడు. ఆటోకి ఎలా బేరమాడతాడో దీనికీ అలాగే బేరమాడాడు. నేర్పుతున్నంతసేపూ నాకు వాడిమీద అకారణంగా కోపం వస్తూనే ఉంది. ఆ తువ్వాలు వాడి భుజంమీద చూడలేకపోయాను.

ఆ సాయంత్రం గదిలో పేక తీసి చూస్తే మంచుకి ముక్కలన్నీ ఉబ్బి ఒకదానికొకటి అంటుకుపోయాయి. ఏటా జరిగేదే. సింహాద్రి వాటిని ఇస్త్రీ పెట్టె కింద పెట్టి సాపు చేసేవాడు, టైలరు కదా. నేను పరుపు కింద పెట్టుకుని వాటిమీద పడుకున్నాను. పొద్దున్నకి ఇంకా వంకరపోయాయి.

డుంబ్రిగుడ సంత

రిసార్టులో ఆటకి ముందు సంతలో ఒకసారి సరిచూసుకుందామని డుంబ్రిగుడ వెళ్ళాం. దారి పొడుగునా వలిసెపూలు పచ్చగా విరగబూశాయి. టూరిస్టులు పొలాల్లోకి దిగి ఫొటోలు తీయించుకుంటున్నారు. పొలంవాళ్ళు మనిషికింత అని వసూలు చేస్తున్నారు. భేష్ అనిపించింది.

సంత మాత్రం టూరిస్టులది కాదు. అడ్డాకుల కట్టలు, కొండచీపుళ్ళు, పసుపు, అల్లం, రంగురంగుల రాజ్మా గింజలు, పిప్పళ్ళు. మన రైతుబజార్లో అరిచి అమ్ముతారు, ఇక్కడ కుప్ప పోసుకుని ఊరికే కూర్చుంటారు. కొంటే కొను, లేకపోతే నీ దారిన పో. ఆటకి జనం చేరడంలోనూ అంతే తేడా. మా బొబ్బిలి వైపు ఆట సగంలో ఉండగానే, "సేతిలో దాసీసినాడ్రోయ్" అని ఒకడు లేస్తాడు. ఇక్కడ ఎవరూ గుట్టు అడగరు. గంభీరంగా చూస్తారు. ఉంగరం ఐటం దగ్గరికి వచ్చేసరికి మాత్రం సంతంతా వచ్చి మూగేది, ఆఖర్న చప్పట్లు మోగిపోయేవి. ఇన్ని ఊళ్ళు తిరిగాను, అంత చప్పట్లు నాకెక్కడా పడలేదు. నా కెరీరులో నేను గర్వపడేది ఆ సంతని చూసుకునే.

ఆట మొదలెట్టాను. ఒక మేక వచ్చి నా కాగితప్పూలదండ తినేసింది. ఆ రోజు వచ్చిన పెద్ద నవ్వు దానిదే. తరవాత ఉంగరం. ఒక పిల్లగుంట తన వేలిది తీసిచ్చింది. మాయం చేశాను. ఎప్పటిలాగే జనం పెరిగారు, దుకాణాలు వదిలి వచ్చారు. "ఆ వెనక తువ్వాలు పెద్దమనిషీ!" అన్నాను. గోవిందు లేచాడు. విసుక్కున్నాడు. ముడి విప్పాడు. ఉంగరం బయటపడింది. ఒక్క పొరపాటు లేదు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. గోవిందుని చూశారు, నన్ను చూశారు, తల తిప్పి సంతలో అటూ ఇటూ వెతికారు. ఆ గుంట ఉంగరం తీసుకుని వెళ్ళిపోయింది. మెల్లగా అందరూ చెదిరిపోయారు. ఇంత అవమానం నాకెప్పుడూ జరగలేదు.

బుద్రి అంబలి

సంత చివర బుద్రి అనే ఆవిడ చోడి అంబలి, అదే రాగి అంబలి, అమ్ముతుంది. ఏటా అక్కడే తాగుతాం. మొదట నేను వెళ్ళేవాణ్ణి, కాసేపాగి సింహాద్రి వచ్చి అటుపక్క కూర్చునేవాడు. ఒకరికొకరం వీపు తిప్పుకుని తాగేవాళ్ళం. ఎండు ఆనపకాయ బుర్రలో పోసిస్తుంది, నంచుకోడానికి ఉల్లిపాయ, ఉప్పులో వేయించిన మిరపకాయ. ఆవిడమీద నాకు ఒక్కటే ఫిర్యాదు ఉండేది. నేను తాగిన బుర్ర కడక్కుండా సింహాద్రికి పోసేది. "ఆవిడకి శుభ్రం లేదురా" అని చాలాసార్లు వాడితో అన్నాను. "నీ ఎంగిలికి నానేటి సచ్చిపోను లే" అనేవాడు.

వెళ్ళి కూలబడ్డాను. బుద్రి బుర్ర అందించి నా మొహంలోకి చూసింది.

"ఏటి గారడీ బావూ, ఈ పాలి ఆటో గోయిందుని లేపినావు? ఆడి తువ్వాల్లో ఉంగరముంటే మాకేటి, నేకపోతే మాకేటి? నీ తమ్ముడేడి?"

"నాకు తమ్ముడెవరమ్మా?"

"ఆ తువ్వాలోడు. నీతోటి మాటాడడు కదా, ఆడు."

ముప్ఫై ఏళ్ళ విద్య అండీ! ఎప్పట్నుంచి తెలుసని అడిగాను.

"మొదట్నించీ తెల్సు. ఇద్దరూ ఒకే పూట ఒస్తారు, ఒకే పూట ఎలిపోతారు. నువ్వు దగ్గితే ఆడు తలెత్తి సూసీవోడు. ఆడు తిన్నాడో నేదో అని నువ్వు సూసీవోడివి. ఎరగనోళ్ళు అలా సూసుకుంతారేటి? ఒక కడుపున పుట్టినోళ్ళే, ఏదో బూమి తగువొచ్చి మాటలు మానేసినారు అనుకున్నాం. అన్నదమ్ముల తగువులో పైవోళ్ళు నోరెట్టకూడదు. అందుకనీసి ఎవులూ అడగనేదు."

"మరి ఉంగరం ఆట?"

"ఉంగరానికేటుంది బావూ, మాయమైపోద్ది, మళ్ళీ ఒచ్చీస్తాది. ఆ ఆటలో నువ్వు ఆడిని పిలిసీవోడివి. ఆడు పలికీవోడు. ఏడాదికి ఆ ఒక్కపాలే కదా మీ ఇద్దరికీ మాట. అది సూడ్డానికే సంతంతా ఆగీది. ఆడు లేసి పలికితే మాకు ఎంతో సంబరం. ఈ ఏడు కలిసిపోతారు, ఈ ఏడు కలిసిపోతారు అనుకునీవోళ్ళం."

చప్పట్లు దానికన్నమాట. నేను తలొంచుకున్నాను. బుద్రి నా చేతిలో బుర్ర చూపించింది.

"మా కాడ తగువులాడుకున్నోళ్ళు ఒక బుర్రలో తాగితే తగువు తీరిపోద్ది. మీకు సెప్తే తాగరని, నువ్వు తాగిన బుర్రలోనే ఆడికి పోసీదాన్ని. కడక్కుండా. ఏడి బావూ, ఆడు? ఈ పాలి తగువు ముదిరిపోనాదేటి?"

"పోయాడమ్మా" అన్నాను. "వానాకాలంలో, కామెర్లొచ్చి."

కొండమీద ఆ మాట నేనన్నది అప్పుడే. బుద్రి గరిటె కుండలో పెట్టేసింది. తరవాత అడిగింది.

"పోయీముందర మాటాడుకున్నారా?"

అబద్ధం ఆడడం నా వృత్తి. ఆ ఒక్క అబద్ధం మాత్రం నోటికి రాలేదు.

సింహాద్రిని పెద్దాసుపత్రిలో జనరల్ వార్డులో పెట్టారు. నేను వెళ్ళేసరికి మెలకువగా ఉన్నాడు. మంచం దగ్గరికి వెళ్తుండగానే పక్క మంచం ముసలాయన గుర్తుపట్టేశాడు. "మీరు మేజిక్ బాబు కదూ! ఒక్క ఆటాడండి" అన్నాడు. వార్డంతా చుట్టూ చేరింది. కాదనలేక రూపాయి బిళ్ళ తీశాను. ముసలాయన చెవిలోంచి తీశాను, నర్సమ్మ జేబులోంచి తీశాను. అప్పుడు సింహాద్రి, పచ్చబడ్డ కళ్ళతో, ఎన్నడూ నన్నెరగనివాడిలా మొహం పెట్టి, "ఎక్కణ్ణించి తీసినాడ్రా బావూ!" అన్నాడు. జనంలో ఉన్నాం కదా మరి. వాడి పని వాడు చేశాడు. నేనూ వాడికేసి పరాయివాడికేసి చూసినట్టు చూసి నవ్వాను. జనం పల్చబడ్డాక మాట్లాడదాంలే అనుకున్నాను. ఇంతలో వేళయిపోయిందని అందర్నీ బయటికి పంపేశారు. తెల్లారేసరికి వాడు లేడు.

"లేదమ్మా. మాట్లాడుకోలేదు" అన్నాను.

బుద్రి ఏడవలేదు, ఓదార్చలేదు. బుర్ర నిండా అంబలి పోసింది. "సగం తాగు. సగం ఉంచు" అంది. తాగాను. మిగిలింది నా చేతిలోంచి తీసుకుని, సింహాద్రి కూర్చునే పక్కన నేలమీద పోసింది.

"ఇప్పుడు పిలు. ఆడు పలకడు. అయినా పిలు."

నోరు తెరిచాను. చుట్టూ సంత, జనం. ఎన్నో ఏళ్ళ అలవాటు అడ్డొచ్చింది. ఎంత ప్రయత్నించినా పేరు బయటికి రాలేదు.

"పోన్లే బావూ. నోరొచ్చినప్పుడే పిలు" అంది. అంబలికి డబ్బు తీసుకోలేదు.

మళ్ళీ అరకు: ఒకే బల్ల

రాత్రి రిసార్టులో భోజనాలు. గెస్టులంతా బొంగు చికెన్ ముందు ఫొటోలు దిగుతున్నారు. వెదురులో కాల్చిన కోడి, రుచి బాగానే ఉంది గానీ ఆ ధరకి మా వీధంతా కోడికూర తినొచ్చు. గోవిందు నేను చెప్పినట్టే మూల బల్ల దగ్గర ఒక్కడే, ఎవరో ఏమో అన్నట్టు, తువ్వాలు భుజాన వేసుకుని తల దించుకుని తింటున్నాడు. ఎంత బాగా చేస్తున్నాడో! చూడలేకపోయాను.

కంచం పట్టుకుని వెళ్ళి వాడి ఎదురుగా కూర్చున్నాను. గోవిందుకి ముద్ద గొంతులో అడ్డం పడింది.

"ఏటి సార్, ఏటి సేత్తన్నారు? అందరూ సూత్తన్నారు!"

"చూడనీ. పెరుగు వేసుకో. పిల్లలెంతమంది నీకు?"

"ఐటం పాడైపోద్ది సార్. కాంట్రాక్టు పోద్ది."

"పోతుంది. తెలుసు. పిల్లలెంతమంది?"

ఇద్దరాడపిల్లలట. పెద్దది పాడేరులో చదువుతోందట. సింహాద్రి సంగతి వాడికి చెప్పాను. మెల్లగా వాడు తేరుకున్నాడు, నేను కూడా. ఆ రాత్రి గోవిందు ముందు వరసలో కూర్చుని అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు. ఉంగరం ఐటం చెయ్యలేదు. వంకరపోయిన పేకతో, తాళ్ళతో, రూపాయి బిళ్ళలతో లాక్కొచ్చాను. కొందరు మధ్యలో లేచిపోయారు. మేనేజరు మొహం మాడ్చుకోలేదు గానీ, "చూసి ఫోన్ చేస్తాం సార్" అన్నాడు. ఇది రాస్తున్నప్పటికి ఆ ఫోను రాలేదు. వస్తుందని నేను అనుకోవడం లేదు.

దిగేటప్పుడు

గోవిందు స్టేషనుకి దింపి ఆటో డబ్బు పుచ్చుకోలేదు. తువ్వాలు మడిచి నా చేతిలో పెట్టాడు. "ఇది మీవోడిదే కదా సార్. మీ కాడే ఉండనీండి" అన్నాడు. అది కొత్త తువ్వాలు, ఐటం కోసం అరకులో కొన్నది. ఆ మాట వాడికి చెప్పబుద్ధి కాలేదు.

రైలు కదిలింది. ఎదుటి సీట్లో పిల్లల్తో ఒక తల్లి, కొబ్బరినూనె వాసన, చేతిలో పులిహోర డబ్బా. సొరంగం రాగానే కేకలు మొదలయ్యాయి. మొదటిదాంట్లో నోరు తెరిచి మూసుకున్నాను. రెండోదాంట్లోనూ అంతే. తరవాతి సొరంగం పెద్దది. చీకటి పడగానే పక్క పెట్టెలోంచి ఎవడో కుర్రాడు ఎవరినో పిలిచాడు, పేరు సరిగా వినపడలేదు. నాకు మాత్రం ఆగలేదు.

"ఉన్నానురా!" అని అరిచాను. "ఒరేయ్ సింహాద్రీ! ఉన్నాను! ఇక్కడే ఉన్నానురా!"

ఏళ్ళ తరబడి బాకీపడ్డ బదులంతా ఒక్కసారే వచ్చేసింది. ఎంతసేపు అరిచానో తెలియదు. సొరంగం అయిపోయి వెలుతురు వచ్చేసింది, మిగతావాళ్ళ కేకలు ఆగిపోయాయి, నేనొక్కణ్ణే ఇంకా అరుస్తున్నాను. పెట్టెలో అందరూ నాకేసే చూస్తున్నారు.

ఎదుటి సీటావిడ భయపడిపోయింది. "ఏమైందండీ? మీవాళ్ళెవరైనా తప్పిపోయారా?"

"నా నేస్తమమ్మా. సింహాద్రి అని" అన్నాను, అందరికీ వినపడేట్టు. "ఎప్పుడూ పక్క పెట్టెలో ఎక్కేవాడు."